గాడిద తెలుగులో మాట్లాడిన ఆదివారాలు

నేను ఒక వీడియో క్యాసెట్టును. ఇప్పటి పిల్లల చేతికి నన్నిస్తే అటూ ఇటూ తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి, ఇదేం డబ్బా అని అడుగుతారు. నల్లటి ప్లాస్టిక్ పెట్టె, లోపల రెండు చక్రాలు, వాటికి చుట్టిన గోధుమరంగు టేపు. అంతే నేను. మూడు గంటల బొమ్మలు పడతాయి నాలో. ఒకప్పుడు ఆ మూడు గంటల కోసం జనం ఆధార్ కేంద్రాల దగ్గర నిలబడినట్టు మా వీడియో కొట్టు ముందు నిలబడేవారంటే ఇప్పుడెవరూ నమ్మరు.

పుట్టింది ఎక్కడో నాకు సరిగా గుర్తులేదు. దుమ్ము లేని చల్లటి గది, ముఖాలకు గుడ్డ కట్టుకున్న అమ్మాయిలు, నన్ను బిగించిన నాలుగు మరలు, ఇంతే జ్ఞాపకం. తర్వాత అట్టపెట్టెలో చీకటి ప్రయాణం. కళ్లు తెరిచేసరికి విశాఖపట్నంలో, మల్కాపురం బజారులో ఒక చిన్న వీడియో లైబ్రరీలో ఉన్నాను.

మొదట నా మీదకు ఎక్కింది ఒక పెళ్లి. మూడు గంటల పెళ్లి. అందులో గంటంబావు భోజనాలే. కెమెరా వైపు చూసి నమలడం ఆపేసిన చుట్టాలందరూ నాలో చేరారు. తమాషా ఏమిటంటే, ఆ పెళ్లివారు నన్ను తీసుకెళ్లడానికి మళ్లీ రానేలేదు. మనుషులు ఇంతేనని నాకు తర్వాత చాలాసార్లు అనిపించింది. మరిచిపోకూడదని దాచుకుంటారు, దాచుకున్నామన్న ధీమాతో మరిచిపోతారు. ఏడాదిన్నర చూసి కొట్టు యజమాని నన్ను పనివాడి మీదకు విసిరి, "ఇది నువ్వు తీసుకోరా సూరీ, ఏదైనా ఎక్కించుకో" అన్నాడు.

అప్పలసూరికి అప్పుడు పందొమ్మిదేళ్లు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఇంటర్మీడియట్ దగ్గర చదువు ఆగిపోయింది. తండ్రి లచ్చన్న ఓడల్లో సరుకు దించే కూలి. తల్లి సన్యాసమ్మ. వాళ్లకు సూరి తర్వాత చాలా ఏళ్లకు పుట్టిన పిల్ల నూకరత్నం. ఎనిమిదేళ్లది. ఆ సంవత్సరం రత్నానికి కీళ్ల జ్వరం వచ్చింది. మోకాళ్లు కుండల్లా వాచాయి. జ్వరం గుండెకు పాకకుండా ఉండాలంటే మూడు నెలలు మంచం దిగకూడదన్నాడు డాక్టరు.

ఎనిమిదేళ్ల పిల్లను మూడు నెలలు మంచం మీద ఉంచడం ఎలాగో డాక్టరు చెప్పలేదు. ఆ ఉపాయం సూరికి తోచింది. ఆదివారం పొద్దున్న ఢిల్లీ నుంచి టీవీలో పిల్లల కార్టూన్లు వచ్చేవి. సూరి యజమానిని బతిమాలి కొట్టులోని వీసీఆర్‌ను దుప్పట్లో చుట్టుకుని ఇంటికి మోసుకొచ్చి, పెళ్లి మీద కార్టూన్లు ఎక్కించాడు. తాళి కట్టే చోట ఒక రాకెట్టు ఎగిరింది. అప్పగింతల మీద నత్త నడిచింది. ఎవరికీ బాధ కలగలేదు, నాతో సహా.

మూడు రకాల కార్టూన్లు నాలో చేరాయి. ఒకటి, ఆకాశంలో యుద్ధాలు చేసే పిల్లల దండు. రెండోది, ఉత్తరాలు పంచే ఒక నత్త కథ. అందులో మాటలే ఉండవు, వేణువు మాత్రమే మోగుతుంది. మూడోది రత్నానికి ప్రాణం. ఒక నిప్పుకోడి ఇన్‌స్పెక్టరు, దాని దగ్గర పనిచేసే ఒక గాడిద కానిస్టేబులు, ఇద్దరూ కలిసి ఎప్పటికీ పట్టుకోలేని ఒక ముంగిస దొంగ.

చిక్కల్లా ఒకటే. అవి హిందీలో వచ్చేవి. ఆ ఇంట్లో ఎవరికీ హిందీ ముక్క రాదు.

"ఏటంటన్నాదిరా అన్నియ్యా అది?" అని రత్నం అడిగింది మొదటి ఆదివారం.

సూరి క్షణం తడుముకున్నాడు. తర్వాత టీవీ దగ్గరకు వెళ్లి శబ్దం పూర్తిగా తగ్గించేశాడు. మంచం పక్కన పీట వేసుకుని కూర్చుని, నిప్పుకోడి నోరు తెరవగానే బొంగురు గొంతుతో, "ఓరి ఎదవల్లారా, నా టోపీ మీద గుడ్డెట్టినోడెవడ్రా!" అన్నాడు. రత్నం నవ్విన నవ్వుకు వంటింట్లోంచి సన్యాసమ్మ పరిగెత్తుకొచ్చింది, పిల్లకు ఏమైందోనని.

ఆ రోజు నుంచి రెండు నెలలు ఆ ఇంట్లో గాడిద తెలుగులో మాట్లాడింది. ముంగిసకు ముక్కుతో మాట్లాడే సన్నటి గొంతు. ఇన్‌స్పెక్టరుకు మల్కాపురం సంతలో చేపలమ్మే మావ గొంతు. గాడిదకు మాత్రం సూరి మంచి గొంతు పెట్టాడు, నెమ్మదైనది, బరువైనది, పెద్దమనిషి గొంతు. వాళ్లది నలుపు తెలుపు టీవీ. అందుకని రంగులు కూడా సూరే చెప్పేవాడు. "గాడిది ఏ రంగనుకున్నావు? కనకాంబరం రంగు. దాని చొక్కా పచ్చ." రత్నం కళ్లు మూసుకుని ఆ రంగు చూసుకుని, మళ్లీ తెరిచేది.

ఆ బొమ్మలో గాడిద తరచూ నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచి, తల ఊపుతూ నిలబడిపోయేది. దొంగ ఎక్కడున్నాడో దానికి తెలుసు. అయినా చెప్పదు.

"ఎందుకు సెప్పదు అన్నియ్యా?"

"ఆలోసిస్తన్నాదే. ముంగిస రొట్టెలు ఎత్తుకెల్లింది పిల్లలకి కదా. సెప్తే జైల్లో పెడతారు. సెప్పనా, వద్దా అని నోటిదాకా వొచ్చిన మాటని మింగేస్తాది. ఎంత మంచి గాడిదో సూడు."

కిటికీ దగ్గర వీధి పిల్లలు చేరేవారు. ఒక ఆదివారం వాళ్ల వెనక ఒక పెద్దమనిషి ఆగాడు. పక్కవీధిలో అత్తవారింటికి వచ్చినవాడు. హైదరాబాదులో, వేరే భాషల సీరియళ్లకు తెలుగు గొంతులు పెట్టించే స్టూడియోలో పనిచేస్తాడట. కార్టూను అయ్యేదాకా నిలబడి, తలుపు తట్టి, "ఈ గొంతులన్నీ ఒకడివేనా?" అని అడిగాడు. సూరి సిగ్గుపడ్డాడు. ఆయన చిరునామా రాసుకుని వెళ్లాడు.

నెలన్నరకు లైబ్రరీ చిరునామాకు ఉత్తరం వచ్చింది. గొంతు పరీక్షకు శుక్రవారం హాజరు కమ్మని. ఆ ఉత్తరం సూరి ముగ్గురికే చూపించాడు. కొట్టు యజమానికి, రత్నానికి, ఆ పక్కనే బల్లమీద ఉన్న నాకు. తండ్రికి చూపించలేదు. లచ్చన్న అప్పటికే మేస్త్రీతో మాట్లాడి కొడుక్కి ఓడల దగ్గర పని ఖాయం చేసుకొచ్చాడు.

"గురువారం మద్దినేల బండికి ఎల్తాను. నువ్వు మాత్రం నాన్నకి సెప్పీకు. అక్కడ దిగీసి ఉత్తరం రాత్తాను. నా గొంతు టీవీలోనే వస్తాది, నువ్వు ఇక్కడే పడుకుని ఇనొచ్చు" అన్నాడు సూరి.

రత్నం తల ఊపింది. ఒట్టు వేసింది కూడా.

గురువారం సూరి చిన్న సంచీ తీసుకుని, కొట్టుకెళ్తున్నానని చెప్పి బయటపడ్డాడు. వీసీఆర్ కొట్టుకు తిరిగి వెళ్లిపోయింది. నేను రత్నం తలగడ పక్కన ఉన్నాను. ఆ పిల్ల చాలాసేపు నన్ను గుండెల మీద పెట్టుకుని, గోడ వైపు చూస్తూ పడుకుంది. ఇంకా నెల రోజులు మంచం మీదే ఉండాలి. పదకొండున్నరకు లచ్చన్న అన్నానికి వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. రత్నం నోరు తెరిచింది, మూసింది. మళ్లీ తెరిచింది.

"నాన్నా, అన్నియ్య రైలెక్కి ఎల్లిపోతన్నాడు."

లచ్చన్న అన్నంలోంచి చెయ్యి తీసి, కడుక్కోకుండానే లేచి వెళ్లాడు.

రెండు గంటలకు తిరిగొచ్చారు ఇద్దరూ. లచ్చన్న చెడ్డవాడు కాదు. భయపడినవాడు. గడపలోనే అరిచాడు.

"గుంట మంచం మీదున్నాది. దీని గుండెకి ఏటవుద్దో తెల్దు. నా నడుం ఇంకెన్నాల్లు పని సేస్తాదో తెల్దు. నువ్వు ఊరుగాని ఊరెల్లి గాడిది గొంతులెడతావేట్రా?"

"ఎవులు సెప్పేరు నీకు?" అన్నాడు సూరి.

"ఎవులు సెప్తే నీకేటి?"

సూరి మంచం వైపు చూశాడు. రత్నం దుప్పటి ముఖం మీదకు లాక్కుంది. వాడు మళ్లీ ఆ మాట అడగలేదు. అప్పుడే కాదు, ఎప్పుడూ అడగలేదు.

ఆ ఆదివారం కూడా వీసీఆర్ తెచ్చాడు. పీట వేసుకుని కూర్చున్నాడు. శబ్దం తగ్గించి కథ చెప్పాడు. ఒక్క మాట కూడా వదలకుండా చెప్పాడు. కానీ నిప్పుకోడికీ, ముంగిసకూ, గాడిదకూ అన్నిటికీ ఒకటే గొంతు, వాడి సొంత గొంతు. సగంలో రత్నం "నిద్రొస్తన్నాది" అంది. వాడు టీవీ కట్టేశాడు. మరుసటి సోమవారం ఓడల దగ్గర పనిలో చేరాడు. నేను సన్యాసమ్మ రేకుపెట్టెలో, పాత చీరల కిందకు చేరాను.

చీకట్లో ఉన్నవాడికి కాలం తెలియదు. పెట్టె మూత తెరిచినప్పుడల్లా చెవిన పడిన మాటలతో కథ అల్లుకునేవాణ్ని. రత్నం గుండెకు ఏమీ కాలేదు. చదువుకుంది. చదువుకుని చదువుకుని, అన్నీ వదిలేసి హిందీయే చదివింది. విజయనగరంలో హిందీ టీచరయింది. ఎందుకే హిందీ అని తల్లి అడిగితే, ఉద్యోగం తొందరగా వస్తుందని చెప్పింది. సూరికి మంగ అనే అమ్మాయితో పెళ్లయింది. బొగ్గు ఓడల దుమ్ముకి గొంతు జీరపోయింది. ఇంట్లో నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ అని మంగ నవ్వుతూ చెప్పేది. తల్లి పోయింది. తండ్రి పోయాడు. రేకుపెట్టె రత్నం ఇంటి అటక ఎక్కింది.

సూరికి యాభై ఒకటో ఏట పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు కొంత తిరిగొచ్చాయి. మాట రాలేదు. అన్నీ అర్థమవుతాయి, తల ఊపుతాడు. మాట కోసం నోరు తెరిస్తే దవడ ఆడుతుంది, శబ్దం రాదు. ఆసుపత్రిలో మాటలు నేర్పే అమ్మాయి ఒకసారి రత్నంతో అందట. "పాటలు, చిన్నప్పటి సంగతులు, ఏవైనా వినిపిస్తూ ఉండండి మేడం. ఎక్కడో ఒక మాట తగులుకోవచ్చు."

ఆ వారమే రత్నం బడిలో, టీచర్ల గదిలో కార్టూన్ల మాట వచ్చిందట. సోషల్ చెప్పే ఈశ్వరరావు మాస్టారు, "మా రోజుల్లో కార్టూన్లంటే కార్టూన్లండీ. ఇప్పటివేటి, అరుపులు తప్పితే" అన్నారట. కొత్తగా చేరిన లెక్కల టీచరు నవ్వి, "మళ్లీ చూసేరా సార్? నేను మొన్న నెట్లో నా చిన్నప్పటివి వెతికి చూసేను. పది నిమిషాలు కూర్చోలేకపోయేను" అందట. రత్నం, "మా నిప్పుకోడిది మాత్రం ఎప్పుడు చూసినా బావుంటాది" అని పందెం వేసినట్టు చెప్పి, ఇంటికొచ్చి అటక ఎక్కింది. ఇదంతా ఆమె నా మీద బూజు తుడుస్తూ భర్తకు చెబుతుంటే విన్నాను.

నా లోపల కూడా బూజు పట్టింది. విశాఖలో పూర్ణా మార్కెట్ దగ్గర దస్తగిరి అనే ముసలి మెకానిక్కు పాత పెళ్లి క్యాసెట్లను డిస్కుల్లోకి మారుస్తాడని ఎవరో చెబితే రత్నం నన్ను అతని దగ్గరకు తీసుకెళ్లింది. అతను నా మరలు విప్పి, స్పిరిట్‌తో టేపు తుడిచి, ఒక చోట తెగితే అతికి, తన దగ్గర పనిచేస్తున్న ఒకే ఒక వీసీఆర్‌ను కూడా ఇచ్చాడు. "జాగ్రత్తమ్మా, ఇది పోతే మరి నా దగ్గర లేదు" అన్నాడు.

ఆదివారం పొద్దున్న రత్నం మమ్మల్నిద్దరినీ సూరి ఇంటికి మోసుకెళ్లింది. సూరి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నన్ను చూడగానే అతని ఎడమ చెయ్యి ఒకసారి లేచి పడింది.

ముందుగా ఆకాశంలో యుద్ధం వచ్చింది. రత్నం జ్ఞాపకంలో అది ఆకాశమంత యుద్ధం. తెర మీద ఒకే రాకెట్టు ఒకే చుక్క పక్కనుంచి ఏడుసార్లు వెళ్లింది. పిల్లల పెదాలు కదిలాయి, ముఖాలు కదల్లేదు. "ఇదేటొదినా, ఇలగుంది!" అంది రత్నం వంటింట్లో ఉన్న మంగతో, తనే ఆ బొమ్మ గీసినట్టు సిగ్గుపడుతూ.

తర్వాత నత్త వచ్చింది. చిన్నప్పుడు ఇది రాగానే వాళ్లు నా టేపును ముందుకు పరిగెత్తించేసేవారు, విసుగ్గా ఉంటుందని. నత్త ఒక్క ఉత్తరం పట్టుకుని ఒక ఎండాకాలం, ఒక వానాకాలం నడుస్తుంది. చేరేసరికి వానకి అక్షరాలన్నీ కరిగిపోతాయి. తెల్లటి కాగితం ఇచ్చి తలదించుకుని నిలబడుతుంది. ముసలి తాబేలు ఆ కాగితాన్ని తీసుకుని, కళ్లకు దగ్గరగా పెట్టుకుని, తీరిగ్గా చివరిదాకా చదువుకుంటుంది. వేణువు ఆగిపోతుంది. మంగ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. పొయ్యి మీద పాలు పొంగిన వాసన వచ్చేదాకా కదల్లేదు. నా మీద ఇంతకాలం ఇంత మంచిది ఉందని నాకే తెలియదు.

మూడోది గాడిద. రత్నం శబ్దం తగ్గించలేదు. ఇప్పుడు ఆమెకు హిందీ వచ్చు కదా. ముప్పై ఏళ్లుగా ఆ గాడిద నిజంగా ఏమంటోందో వినాలని ఆమెకు ఉంది.

గాడిద కనకాంబరం రంగులో లేదు. మురికి బూడిదరంగులో ఉంది. అది నోరు తెరిచింది.

గాడిదకు నత్తి.

దొంగ ఎక్కడున్నాడో దానికి తెలుసు. చెప్పబోతుంది. మొదటి అక్షరం దగ్గరే తట్టుకుని కొట్టుకుంటుంది. అది మాట పూర్తిచేసేలోగా దొంగ పారిపోతాడు. నిప్పుకోడి దాన్ని తంతుంది. వెనకనుంచి జనం నవ్వు వినిపిస్తుంది. మళ్లీ నోరు తెరుస్తుంది, మళ్లీ నత్తి, మళ్లీ నవ్వు. అదొక్కటే హాస్యం ఆ కార్టూన్‌లో. అరగంటలో పదమూడుసార్లు.

రత్నం సూరి వైపు చూడలేకపోయింది. లేచి నన్ను ఆపింది. గాడిద నోరు తెరిచి వణుకుతూ తెర మీద నిలిచిపోయింది.

"నువ్వు నాకు ఇది సెప్పలేదు" అంది. టీచరుగా నేర్చుకున్న భాష పోయి చిన్నప్పటి మాట వచ్చింది ఆమెకు. "దానికి నత్తి అని నాకెప్పుడూ సెప్పలేదు అన్నియ్యా. ఆలోసిస్తన్నాదని సెప్పేవు."

సూరి ఆమెనే చూస్తున్నాడు.

ఆమె వచ్చి అతని కాళ్ల దగ్గర కూర్చుంది. "ఆ రోజు నాన్నకి సెప్పింది నేనే. నీ బండి సంగతి. నువ్వెల్లిపోతే నాకు కతలెవులు సెప్తారని సెప్పీసేను. ఒట్టేసి మరీ సెప్పీసేను. నీకు తెలుసో తెల్దో నాకు తెల్దు. ముప్పయ్యేల్లు అడగనేకపోయేను."

సూరి నోరు తెరిచాడు. దవడ ఆడింది. మెడ నరాలు బిగిశాయి. మూసి, మళ్లీ తెరిచాడు. ఏదో చెప్పాలని ఉంది, పెద్ద మాటే. రత్నం అతని మోకాలు పట్టుకుని ముందుకు వంగింది. మంగ పరుగున వచ్చి, "దాహమేస్తన్నాదేమో" అని గ్లాసు అందించింది. అతను ఎడమచేత్తో గ్లాసు పక్కకు నెట్టాడు. నీళ్లు ఒలికాయి. ఆ చేత్తోనే టీవీ వైపు చూపించాడు.

"మల్లీ ఎట్టమంటావా?"

తల ఊపాడు. అరచెయ్యి బోర్లించి కిందికి అణిచాడు. తగ్గించు.

రత్నం శబ్దం పూర్తిగా తగ్గించి నన్ను నడిపించింది. పక్కనే చాప మీద కూర్చుని తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. నిజం చెప్పాలంటే బాగా చెప్పలేకపోయింది. ఇన్‌స్పెక్టరు గొంతు రాలేదు. ముంగిస ఏమనేదో మరిచిపోయింది. ఏడుపు అడ్డుపడుతోంది. గాడిద తెర మీద నిలబడి నోరు ఆడించే చోటుకు వచ్చేసరికి, నెమ్మదైన గొంతు తెచ్చుకోవడానికి ఆగి అన్న వైపు చూసింది. అతని పెదాలు కూడా కదులుతున్నాయి. గాడిదతో పాటు కథ చెబుతున్నాడో, తను అడిగినదానికి జవాబు చెబుతున్నాడో ఆమెకు తెలియలేదు. నాకూ తెలియలేదు.

పందొమ్మిది రోజుల తర్వాత రెండోసారి పక్షవాతం వచ్చి సూరి పోయాడు.

కర్మలయ్యాక రత్నం వీసీఆర్ తిరిగి ఇవ్వడానికి దస్తగిరి కొట్టుకు వచ్చింది. నన్ను కూడా బల్ల మీద పెట్టింది. విషయం విని ముసలాయన నన్ను చేతిలోకి తీసుకున్నాడు.

"ఈ గాడిద బొమ్మ ఇంకెక్కడా దొరకదమ్మా, వెతికేను. నెట్లో పెడితే జనం ఎంత సంతోషిస్తారో. మీకు ఒక డిస్కు చేసి ఇస్తాను."

"మీరు పెట్టుకోండి బాబాయిగారూ. నాకొద్దు."

"జ్ఞాపకంగా ఉంటాది కదమ్మా."

"ఇందులో మా అన్నియ్య లేడండి" అని రత్నం సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగిపోయింది.

ఆమె అన్నది నిజమే. నాలోకి వచ్చిందంతా మేడ మీది యాంటెన్నా తీగలోంచి వచ్చింది. సూరి రెండు నెలలు నాకు మూడడుగుల దూరంలో కూర్చుని మాట్లాడాడు. అందులో ఒక్క అక్షరం నాకు అంటలేదు. పరాయి ఊళ్లో ఎవరో నవ్విన నవ్వు మాత్రం, ఇన్ని బూజులకు ఓర్చి, శుభ్రంగా మిగిలింది.

ఇప్పుడు నేను దస్తగిరి కొట్టు అలమారలో, ఎవరిదో ఓణీల పండగకూ ఎవరిదో గృహప్రవేశానికీ మధ్య ఉన్నాను. ఆయన అన్నమాట ప్రకారం కార్టూన్లు నెట్లో పెట్టాడు. జనం నిజంగానే సంతోషించారు. మధ్యాహ్నాలు అన్నం తింటూ వాళ్లు రాసినవి భార్యకు పైకి చదివి వినిపిస్తుంటాడు. బాల్యం గుర్తొచ్చిందని ఒకరు. ఇలాంటివి మళ్లీ రావని ఒకరు. నత్తను చూసి ఏడ్చామని ఇద్దరు ముగ్గురు. మొన్న ఒకతను రాశాడట: "మాకు అప్పట్లో హిందీ వచ్చేది కాదు. మా ఇంట్లో వివరించి చెప్పేవాళ్లూ లేరు. ఆ గాడిద అంతసేపు ఏం చెప్పాలని చూస్తోంది? ఎవరికైనా తెలుసా?"

దస్తగిరి ఫోన్ తెరను కిందికి జరిపి చూశాడు. జవాబు ఎవరూ రాయలేదు.